సోమమ్మ ఆడని బతుకమ్మ

మా మామ సీతారాములు ముప్పై ఏళ్ళు దిల్‌సుఖ్‌నగర్ డిపోలో బస్సు నడిపిన మనిషి. అడ్డమొచ్చినవాణ్ణి కిటికీలోంచి తిట్టి ఉంటాడు గానీ ఎన్నడూ ఎవరిమీదా ఉమ్మలేదు. అలాంటి మనిషిని బోనాల మర్నాడు పొద్దున్నే, చాయ కూడా తాగనివ్వకుండా మంచంమీద కూర్చోబెట్టి, చేతిలో ప్లాస్టిక్ గొట్టం పెట్టి ఉమ్మమంది మా బిడ్డ వర్ష.

"ఇంకా తాతా, ఇంకా. గీ గీత దాకా రావాలె."

"నోరెండిపోయింది పిల్లా. జర చాయన్న తాగనియ్యరాదు."

"చాయ తాగితె ఖరాబైతది. చింతకాయ తొక్కు తల్సుకో, నోరూరుతది."

ఆయన కళ్ళు మూసుకుని తొక్కు తలుచుకున్నాడు. గీత దాకా వచ్చింది. నేను వంటింటి గడపలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వాను. మా మన్సూరాబాద్ ఇంట్లో నవ్వు వినిపించి చాలా రోజులైంది. నా భర్త బాల్‌రాజ్ కరోనా రెండో విడతలో పోయాడు. అప్పటినుంచి ఇంట్లో మేం ముగ్గురమే: మామ, నేను, వర్ష. నాకు చంపాపేట్ మెయిన్ రోడ్డుమీద బ్లౌజులు కుట్టే షాపు ఉంది, వర్షకు ఆఫీసు ఉంది, మామకు స్టెంటు పడిన గుండె ఉంది.

ఉమ్మి కథంతా ఆయన కళ్ళకోసం. మా మామవి పిల్లి కళ్ళు, బూడిద రంగు. ఎక్కడినుంచి వచ్చాయో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఆయన నానమ్మ పేరు సోమమ్మ. వందేళ్ళకు ముందు, ఆలేరు దిక్కు రైలు వంతెన కడుతుంటే ఆమె ఇసుక మోసింది. ఆ వంతెన ఇనుప దూలాలకు ఎర్రగా కాల్చిన రివిట్లు కొట్టడానికి స్కాట్లాండ్ నుంచి కూలికి వచ్చినవాడొకడు ఆమెను చేసుకున్నాడు. దొర అని పేరే గానీ ఒంటినిండా మసి, అరచేతుల నిండా కాయలు. పొద్దంతా కొలిమి దగ్గరే ఉంటాడని ఊళ్ళో 'కొలిమి దొర' అన్నారు. ఒక కొడుకు పుట్టాడు. ఆ తర్వాత దొర ఏమయ్యాడన్న దగ్గరే గొడవ. సోమమ్మ బతికినన్నాళ్ళూ ఆయన చచ్చిపోయాడనే చెప్పింది. ఊరు మాత్రం, పెట్టె సర్దుకుని రైలెక్కి వాళ్ళ దేశం పోతుంటే కళ్ళారా చూశాం అంది. ఇజ్జత్ కోసం అబద్ధమాడుతోందని ఆమెను చూసి నవ్వారు. ఆమె కన్నకొడుకు కూడా ఊరి మాటే నమ్మాడు. మా మామ చిన్నప్పుడు ఎవరితో కొట్లాడినా, 'ఓడెక్కిపోయినోని మనుమడు' అనే మాట పడేవాడట.

దవాఖాన నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఆయనకు ఒకటే రంధి. "నేను పోయే లోపల తెల్వాలె లక్ష్మీ. మా నానమ్మను ఇడిసిపెట్టి పోయిండా, లేదా."

వర్ష ఆఫీసులో ఎవరో చెప్పారట, ఉమ్మి పంపిస్తే రక్తసంబంధం ఉన్నవాళ్ళు ఏ దేశంలో ఉన్నా తెలుస్తారని. అలా తాత ఉమ్మి విమానమెక్కింది.

వినాయక చవితి నాడు జవాబొచ్చింది. స్కాట్లాండులో డండీ అనే ఊళ్ళో మోరాగ్ లోగన్ అనే డెబ్బై ఏళ్ళావిడకు, మా మామకు రక్తం కలిసింది. రెండ్రోజుల్లో వీడియో కాల్ పెట్టారు. ఫోన్ తెరమీద పొట్టి జుట్టు, ఎర్రటి బుగ్గలు, అచ్చం మా మామ కళ్ళు. ఆమె మాట్లాడింది మాత్రం వర్షకే సగం ఎక్కలేదు. "ఇంగ్లీషేనే గది?" అని నేను అడిగితే, "అనుకుంటున్న మమ్మీ," అంది.

ఒక్క ముక్క మాత్రం అందరికీ అర్థమైంది. మోరాగ్ కూడా బస్సు డ్రైవరే. రిటైరైంది.

"ఆడమనిషి! బస్సు!" మామ మంచంమీంచి లేచి నిలబడ్డాడు. "అడుగు పిల్లా, ఎన్నడన్న బ్రేకులు ఫెయిలైనయా అని అడుగు."

అయ్యాయట, మంచులో, గుట్ట దిగుతుంటే. ఆయనకు మలక్‌పేట్ దగ్గర అయ్యాయి, వానలో. అరగంట సేపు తాతల సంగతి వదిలేసి ఇద్దరూ బ్రేకుల గురించే మాట్లాడారు. అటూ ఇటూ చెప్పి చెప్పి మధ్యలో వర్షకు గొంతు పోయింది.

అసలు సంగతికి వచ్చేసరికి చిక్కు పడింది. మన ఇళ్ళలో తాత పేరు మనుమడికి పెట్టినట్టే వాళ్ళకూ ఆచారమట. ముసలి రాబర్ట్ లోగన్‌కు ముగ్గురు కొడుకులు. ఒక కొడుకు మనుమరాలు మోరాగ్. మిగిలిన ఇద్దరూ తమ పెద్దకొడుకులకు తండ్రి పేరే పెట్టుకున్నారు. ఆ ఇద్దరు రాబర్ట్‌లూ రివిట్ల పనే నేర్చారు, ఒకే ఓడలో వచ్చారు, ఒకే వంతెనమీద పనిచేశారు. మోరాగ్ ఈమధ్య వెతికి తీసిన చర్చి పాదిరి లెక్కలో 1913 అక్టోబరు నాలుగున కలరాతో క్యాంపులో ఒక రాబర్ట్ లోగన్ పోయాడు. కంపెనీ లెక్కలో మరుసటి ఏడాది జనవరిలో బొంబాయిలో ఒక రాబర్ట్ లోగన్ ఓడెక్కాడు. వయసులు చూద్దామంటే ఏ రెండు కాగితాల్లోనూ కలవవు. ఒకే మనిషికి ఒకచోట పెళ్ళయింది, ఇంకోచోట కాలేదు. సోమమ్మ మొగుడు ఇద్దరిలో ఎవరో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. రక్తం సంగతి చూస్తే మోరాగ్‌కు ఇద్దరూ ఒకే వరస.

ఓడెక్కినవాడి ఫోటో ఒకటి ఉంది. డండీలో పెళ్ళినాటిది. పక్కన తెల్లగౌనులో పెళ్ళికూతురు. ఆ పెళ్ళికొడుకు కళ్ళు చూసి మా మామ ముఖం మాడిపోయింది.

"దొరికిండు దొంగ. గీడికెళ్ళి పొయ్యి ఆడ సోకుగ లగ్గం జేసుకున్నడు. బంద్ జేయ్ ఫోను."

"తాతా, ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు గద. ఇంకో ఆయన కళ్ళు గూడ గట్లనే ఉంటయేమో."

"బంద్ జేయ్ అన్న."

తర్వాత పది రోజులు ఆయన మాతో సరిగ్గా మాట్లాడలేదు. మోరాగ్ దసరాకు టికెట్టు కొనేసిందని వర్ష చెబితే, "రానియ్యి. ఆమెతోని నాకు లొల్లి లేదు, ఆమె డ్రైవరు," అన్నాడు.

పెత్తర అమాస వచ్చింది. ఆ రోజు మా దగ్గర పెద్దల పేరుమీద బియ్యం, కూరగాయలు ఇస్తారు. మా కాలనీకి త్రినాథరావు పంతులు వస్తాడు. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి, నెమ్మదస్తుడు. మామ ఆయనకెదురుగా పీటవేసుకుని కూర్చున్నాడు.

"తండ్రిగారి పేరు చెప్పండి."

"యాదగిరి."

"తాతగారు?"

"లేడు."

"లేరు కాబట్టే కదండీ ఇస్తున్నాం. పేరు చెప్పండి."

"నాకు తాత లేడు పంతులుగారు."

"తాత లేకుండా తండ్రిగారు ఎలా వచ్చారండీ?"

"వచ్చిండు. నేను ఎదురుంగ కూసోలే? ఊకె పరేషాన్ చెయ్యకుండ్రి."

ఏటా ఇదే తంతు. పంతులు ఏటా 'సర్వేభ్యః' అని ఏదో కలిపేసి సర్దేవాడు. ఈసారీ సర్దాడు. సోమమ్మ పేరు వచ్చేసరికి మాత్రం మా మామ దోసిలి నింపి రెండోసారి, మూడోసారి కూడా పోశాడు. నాకు ఆయన్ను చూస్తే కోపమూ వచ్చింది, జాలీ వేసింది. రెండూ ఒకేసారి వస్తే నేను వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా తోముతాను. అవే తోమాను.

ఆ సాయంత్రమే పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో తంగేడు, గునుగు కుప్పలు పోసి అమ్ముతున్నారు. పది రోజులుగా నేను కుట్టిన బ్లౌజులన్నీ కాలనీ గ్రౌండులో తిరుగుతున్నాయి. ఎవరి చంక బిగుసుకుందో, ఎవరి మెడ జారిందో చూసుకుంటూ గట్టుమీద కూర్చున్నాను. బాల్‌రాజ్ పోయినప్పటినుంచి నేను ఆడటం లేదు. కాలనీలో ఎవరూ వద్దనలేదు. ఇప్పుడు చాలామంది ఆడుతున్నారు కూడా. నాకే కాళ్ళు లేవలేదు.

పక్కన అండాలమ్మ అత్త కూర్చుంది. మా మామకు అక్క, ఎనభై అయిదు దాటినా జ్ఞాపకం చెక్కుచెదరలేదు. ఆమెకూ భర్త లేడు. చంపాపేట్‌లో కొడుకు దగ్గర ఉంటుంది, పండుగకు మా ఇంటికొస్తుంది.

"మా నానమ్మ గూడ నీ లెక్కనే," అంది అత్త. "అరుగు మీదనే కూసునేది. పాట మాత్రం ఇడ్వకపోయేది. గుండ్రంల ఉన్నోళ్ళందరి కంటే గట్టిగ పాడేది."

"ఎందుకత్తా? ఊరోళ్ళు రానియ్యకపోదురా?"

"దొరను జేసుకున్నదని రానియ్యరేమో అని మేం అనుకుంటుంటిమి. గని పిలిచెటోళ్ళే. అదే పోకపోయేది. మెట్టెలు లేవు గద మల్ల."

నేను అత్త వైపు తిరిగాను. "మెట్టెలు లేవా?"

"ఏడియి? తనకు తానే తీసేసుకున్నది. మా నాయిన అప్పుడు పాలు తాగే పోరడు. సద్దుల నాడు కూసోని బతుకమ్మ పేరుస్తుంటె, క్యాంపుకెళ్ళి ఎవరో వచ్చి ఏందో చెప్పి పోయిన్రంట. సగం పేర్చింది గట్లనే ఇడ్సిపెట్టి, బాయి కాడికి పొయ్యి గాజులు పలగ్గొట్టుకొని, మెట్టెలు తీసి వచ్చింది. మల్ల మూడు నెలలకో నాలుగు నెలలకో దొర రైలెక్కుతుంటె, ఊరోళ్ళు దీన్ని పిలిచి మరీ సూపెట్టిన్రు. 'సచ్చిండంటివి గద, అగో నీ మొగడు పోతున్నడు సూడు' అని ఒకటే నవ్వుడంట. మసి పూసుకున్న తెల్లోళ్ళు అందరొక్కతీరే ఉంటరు గద బిడ్డా. ఇది తలెత్తి సూడను గూడ సూడలేదంట."

చప్పట్ల మోతలో నాకు ఆ మాట రెండుసార్లు వినిపించినట్టయింది. మూడు నెలల తర్వాత.

నా మెట్టెలు తీసిన రోజు నాకు గుర్తుంది. ఎంత లాగినా రాకపోతే మా అమ్మ కొబ్బరినూనె రాసింది. అది నలుగురికి చూపించడానికి చేసే పని కాదు. మొగుడు ముందు ముందు ఎప్పుడో వదిలిపెట్టి పోతాడని, మూడు నెలల ముందే గాజులు పగలగొట్టుకునే ఆడది లోకంలో ఉంటుందా? ఊరికి నవ్వడానికి తీరింది గానీ, ఏది ముందు జరిగింది, ఏది వెనక జరిగింది అని చూడటానికి ఒక్కరికీ తీరలేదు. మాకూ తీరలేదు.

"వర్షా!" అని నేను అరిచిన అరుపుకు పాట ఆగిపోయింది. నలభైమంది నా వైపు చూశారు. "ఏం లేదు, మీరు ఆడుండ్రి. మా పోరి ఒక్కతే రావాలె."

వర్ష ఫోన్‌లో పాత పంచాంగం వెతికింది. ఆ ఏడు పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ, అక్టోబరు ఏడున పడింది. కలరా వచ్చిన రాబర్ట్ పోయింది దానికి మూడు రోజుల ముందు. క్యాంపు నుంచి ఊరికి కబురు రావడానికి మూడు రోజులు.

"మమ్మీ," అంది వర్ష.

ఇంటికి పరుగెత్తాం. మామ టీవీ చూస్తున్నాడు. నేను చెబుతుంటే మధ్యలో టీవీ ఆపేశాడు. అంతా విని, లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"మల్లొక్కసారి చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"అంటే ఓడెక్కినోడు వేరే."

"వేరే మామా. ఆయన మన దొరకు అన్నదమ్ముల వరస. మన దొర నానమ్మను ఇడిసిపెట్టలే."

"ఊరు మొత్తంల ఒక్కతే నిజం చెప్పింది," అన్నాడు. "ఒక్కతే." ఆ తర్వాత చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, మధ్యమధ్యలో నవ్వాడు, గుండె పట్టుకుంటే నాకు గుండె ఆగింది. "ఏం కాలే. పంతులుకు ఫోన్ కొట్టు."

స్పీకర్లో త్రినాథరావు గొంతు మెల్లగా వచ్చింది. "పితృపక్షం ఈరోజుతో అయిపోయింది కదండీ. మళ్ళీ వచ్చే ఏడే."

"వచ్చే ఏడా! నాకు స్టెంటు పడ్డది పంతులుగారు."

"పోనీ, ఆయన పోయిన తేదీ ఏమైనా తెలుసా?"

తెలుసు. వర్ష చెప్పింది. కాసేపు పుట తిప్పిన చప్పుడు. "ఆశ్వయుజ శుద్ధ పంచమి. అమావాస్య కంటే అసలు తిథి అయితేనే మేలు. ఇంకో అయిదు రోజులుంది. కాకపోతే ఆయనది వేరే మతం కదండీ, మన పద్ధతి వర్తిస్తుందో లేదో..."

"ఆకలి వర్తిస్తది గద?"

పంతులు అటువైపు నవ్వడం వినిపించింది. "సరే, వస్తానండీ."

పంచమి అంటే అలిగిన బతుకమ్మ. ఆ రోజు ఎవరూ బతుకమ్మ పేర్చరు, ఆడరు. మోరాగ్ టికెట్టు ముందుకు మార్చుకుని ఆ ముందురోజు చవితి నాటికే దిగింది. ఎయిర్‌పోర్టుకు కారులో పోయిన మామ, ఎల్‌బీ నగర్‌లో కారు ఆపించి, అక్కణ్ణుంచి ఇంటికి సిటీ బస్సులోనే తీసుకొస్తానని పట్టుబట్టాడు. ఇద్దరూ డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని తల అడ్డంగా ఊపారు. పాపం ఆ డ్రైవరు దిగేలోపల మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

రాత్రి భోజనాలప్పుడు మోరాగ్ ఒక మాట చెప్పింది. వాళ్ళ ఇంట్లో కూడా ఈ రాబర్ట్‌మీద కోపమేనట. పాదిరి కాగితం ఇంటిదాకా చేరనే లేదు, ఓడెక్కి తిరిగొచ్చిన రాబర్ట్ ఇంటితో వాళ్ళకు మాటల్లేవు. ఇండియాలోనే హాయిగా స్థిరపడి, కన్నతల్లికి ఒక్క ఉత్తరం ముక్క రాయలేదని ఆ తల్లి పోయేదాకా తిట్టుకుందట. వర్ష ఇది చెప్పేసరికి మామ అన్నం కలపడం ఆపేశాడు.

"రెండు ఇండ్లల్ల తిట్లు పడ్డడు పాపం," అన్నాడు. "మట్టిల పండుకొని."

మర్నాడు పంతులు వచ్చాడు. మామ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. మోరాగ్ కింద కూర్చోలేక కూర్చోలేక కూర్చుంది.

"తాతగారి పేరు?"

మామ గొంతు సవరించుకున్నాడు. "రాబర్ట్ లోగన్."

"గోత్రం?"

ఇది ఎవరూ అనుకోలేదు. మామ నా వైపు చూశాడు, నేను వర్ష వైపు చూశాను, వర్ష మోరాగ్‌కు ఏదో చెప్పింది. మోరాగ్ బాగా ఆలోచించి, "డండీ," అంది.

పంతులు ముఖంలో నవ్వు రాకుండా, "డండీ గోత్రస్య, రాబర్ట్ లోగన్ నామధేయస్య," అని స్పష్టంగా పలికాడు. మామ దోసిలి నిండా బియ్యం పోశాడు. మోరాగ్ కూడా పోసింది. ఆమె చేతుల్లోంచి సగం బియ్యం చాపమీద పడ్డాయి. అండాలమ్మ అత్త వాటిని ఒక్కొక్కటే ఏరి మళ్ళీ ఆమె చేతిలో పెట్టింది. వందేళ్ళ తర్వాత ఆయనకు అన్నం పుట్టింది. నాకు ఏడుపు ఆగలేదు, వర్ష నవ్వు ఆపుకోలేక దగ్గింది.

సద్దుల నాటికి మోరాగ్‌కు పట్టుబ్లౌజు కుట్టాను. ఆ భుజాలకు నా టేపు సరిపోతుందా అని భయపడ్డాను. స్టీరింగ్ తిప్పిన భుజాలు. గ్రౌండులో కాలనీ అంతా ఆమె చుట్టూ మూగింది. ఆమె వంగాల్సిన చోట లేచి, లేవాల్సిన చోట వంగి, అందరికంటే ఎక్కువ సంతోషంగా ఆడింది. నేను, అత్త గట్టుమీద కూర్చుని ఆమె అడుగులు చూసి పడీ పడీ నవ్వుతున్నాం.

మామ వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"లే బిడ్డా."

"ఎటు మామా?"

"ఎటేంది? పొయ్యి ఆడు."

"వద్దు మామా. బాగుండదు. నలుగురు సూస్తున్నరు."

ఆయన నా పక్కన గట్టుమీద కూర్చున్నాడు. గుండ్రంలో ఎవరికీ వినబడనంత మెల్లగా మాట్లాడాడు. "మా నానమ్మ జిందగీ అంత ఎందుకు కూసున్నది? తన మొగడు సచ్చిండని ఊరికి చెప్పనీకి. ఒక్కడు నమ్మలే, అందుకని కూసుంటనే పోయింది. మా బాల్‌రాజ్ లేడని ఎవనికి తెల్వదు లక్ష్మీ? నువ్వు కూసోని ఎవనికి సాక్ష్యం చెప్తున్నవ్?"

నేను గుండ్రం వైపు చూశాను.

అండాలమ్మ అత్త నా మోచెయ్యి పొడిచింది. "లేస్తే లే పిల్లా. లేచి నాకు గూడ చెయ్యియ్యి. ఒక్కదాన్ని కూసోని నేనేం జెయ్యాలె?"

చెయ్యిచ్చాను. ఇద్దరం వెళ్ళి వర్షకు, మోరాగ్‌కు మధ్య దూరాం. మొదటి చుట్టులో నా చప్పట్లన్నీ తప్పాయి. రెండో చుట్టులో అత్త ముందు కదిలింది, ఆమె వెనక నా కాళ్ళు వాటంతట అవే కదిలాయి. వర్ష ఏడుస్తూ నవ్వుతూ, "వంగు మమ్మీ, ఇంకా వంగు," అని అరుస్తోంది. వంగాను. అత్త పాట ఎత్తుకుంది. నేను కూడా గొంతు విప్పి, అందరికంటే గట్టిగా పాడాను.